బయట మంట, లోపల లెక్క: నంద్యాల వేడి నుంచి శక్తి ఎంత వస్తుంది?

కొలిమిగుండ్ల, బనగానపల్లె, గడివేముల మండలాల్లో సున్నపురాయిని కాల్చే సిమెంట్ బట్టీలు రాత్రింబవళ్లు మండుతూనే ఉంటాయి. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల మిల్లుల్లో వడ్లు ఆడించాక ఊక గుట్టలు పడుతుంది. పంట తీసిన చేలల్లో పత్తి కట్టె, కంది కట్టె మిగిలిపోతాయి. ఏప్రిల్ దాటితే ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. ఇంత వేడి కళ్లెదుటే ఉండగా దీన్ని పట్టి కరెంటు తీయలేమా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. తీయవచ్చు. అందుకు బాహ్య దహన ఇంజన్ అనే పాత జాతి యంత్రం ఉంది. డీజిల్ ఇంజన్‌లో ఇంధనం సిలిండర్ లోపలే మండుతుంది కాబట్టి దానికి శుభ్రమైన ఇంధనం తప్పనిసరి. బాహ్య దహన ఇంజన్‌లో మంట బయట ఉంటుంది. లోపల తిరిగే ఆవిరికో గాలికో వేడి లోహపు గోడ గుండా అందుతుంది. ఊక అయినా, కట్టె అయినా, బట్టీ పొగ అయినా, అద్దాలు పోగుచేసిన ఎండ అయినా దానికి ఒకటే. దాని బలం అదే, బలహీనత కూడా అక్కడే ఉంది. వేడి ఒక గోడ దాటి లోపలికి రావాలి, పనికి మారగా మిగిలింది మరో గోడ దాటి బయటికి పోవాలి. మంట ఎంత వేడిగా ఉందో చూసి ఈ ఇంజన్లను అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. వేడి గోడ దాటే వేగం, చల్లని వైపు చేసిన ఏర్పాటు, ఈ రెండే ఫలితాన్ని తేలుస్తాయి. నంద్యాల లాంటి చోట కష్టమంతా రెండోదానితోనే.

మొదటి లెక్క 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో వేశాడు. వేడి వైపు, చల్లని వైపు ఉష్ణోగ్రతలు తెలిస్తే చాలు, ఏ ఇంజనైనా దాటలేని హద్దు తెలుస్తుందని చూపాడు. నేటి భాషలో చెప్పాలంటే చల్లని వైపు పరమ ఉష్ణోగ్రతను వేడి వైపు పరమ ఉష్ణోగ్రతతో భాగించి, వచ్చినదాన్ని ఒకటి నుంచి తీసేస్తే గరిష్ఠ దక్షత వస్తుంది. ఊక మంటకు ఇంజన్ గోడ 650 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 923 కెల్విన్‌కు, వేడెక్కిందనుకుందాం. చల్లని వైపు నీటి తొడుగు 60 డిగ్రీల దగ్గర, అంటే 333 కెల్విన్ దగ్గర ఉందనుకుందాం. హద్దు 64 శాతం. ఈ అంకె చూసి చాలామంది ఆశ పెంచుకుంటారు. కానీ ఆ 64 శాతం రావాలంటే ఇంజన్ అనంతమైన నెమ్మదితనంతో నడవాలి. గోడకూ లోపలి గాలికీ ఉష్ణోగ్రతలో తేడా ఉంటేనే వేడి ప్రవహిస్తుంది. కార్నో ఇంజన్‌లో ఆ తేడా సున్నా, కాబట్టి వేడి దాటడానికి అనంత కాలం పడుతుంది. దక్షత గరిష్ఠంగా ఉన్న ఆ స్థితిలో శక్తి సున్నా. మిల్లు నడిపేవారికి అటువంటి ఇంజన్ ఎందుకూ కొరగాదు.

ఈ ఇబ్బందిని 1957లో ఫ్రాన్స్‌లో షాంబడాల్, సోవియట్ యూనియన్‌లో నోవికోవ్ విడివిడిగా పట్టించుకున్నారు. 1975లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కర్జన్, ఆల్బోర్న్ ఒక చిన్న వ్యాసంలో దాన్ని అందరికీ తెలిసేలా చేశారు. వాళ్లు వేసిన ప్రశ్న సూటిగా ఉంది: వేడి గోడ దాటడానికి సమయం పడుతుందని ఒప్పుకుంటే, అత్యధిక శక్తి ఇచ్చే వేగంలో ఇంజన్ దక్షత ఎంత? జవాబులో కార్నో సూత్రంలోని ఉష్ణోగ్రతల నిష్పత్తికి బదులు దాని వర్గమూలం వచ్చింది. మన ఊక ఇంజన్‌కు 64 శాతం కాస్తా 40 శాతానికి దిగుతుంది. తగ్గుదలకు కారణం లోపలి ఉష్ణోగ్రతల్లో కనిపిస్తుంది. రెండు గోడలూ సమానంగా వేడిని దాటిస్తాయనుకుంటే, బయట గోడ 650 డిగ్రీలు ఉన్నప్పుడు లోపలి గాలి 466 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చల్లని వైపు నీళ్లు 60 డిగ్రీలు ఉన్నా లోపలి గాలి 171 డిగ్రీల కంటే చల్లబడదు. 590 డిగ్రీల తేడా మనకు కనిపిస్తుంది, ఇంజన్ అనుభవించేది 295 డిగ్రీలే. సరిగ్గా సగం తేడా వేడిని గోడలు దాటించడానికే ఖర్చయిపోయింది.

ఈ సూత్రాన్ని నిజమైన విద్యుత్ కేంద్రాలతో పోల్చి చూపడం ఆ వ్యాసానికి పేరు తెచ్చింది. బ్రిటన్‌లోని వెస్ట్ థరాక్ బొగ్గు కేంద్రానికి కార్నో హద్దు 64 శాతం, కొత్త సూత్రం 40 శాతం, నిజంగా వచ్చింది 36 శాతం. ఇటలీలోని లార్డెరెల్లో భూతాప కేంద్రంలో ఇవి వరుసగా 32, 17.5, 16. కెనడా కాండు అణు కేంద్రంలో 48, 28, 30. ఈ చివరి అంకె దగ్గర సందేహం రావాలి. సూత్రం 28 అంటే కేంద్రం 30 ఇచ్చింది, మరి సూత్రం తప్పా? ఇది న్యాయమైన అభ్యంతరం. కర్జన్, ఆల్బోర్న్ ఇచ్చింది ప్రకృతి నియమం కాదు, ఒక నడక వేగం దగ్గర వచ్చే అంచనా. ఇంజన్‌ను అత్యధిక శక్తి దగ్గర కాక కొంచెం నెమ్మదిగా నడిపితే, లేదా గోడల వైశాల్యం పెంచడానికి ఎక్కువ డబ్బు పెడితే, ఆ అంకెను దాటవచ్చు. అణు కేంద్రానికి ఇంధనం చౌక, నిర్మాణం ఖరీదు, నడిపే లెక్క వేరు. కార్నో హద్దును మాత్రం ఎంత డబ్బు పెట్టినా దాటలేం. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లనే వాదనలు పుడతాయి. నా ఉద్దేశంలో వర్గమూల సూత్రం చేసే మేలు దాని అంకెలో లేదు. వేడి గోడలను కూడా లెక్కలోకి తీసుకోమని అది మనల్ని ఒప్పించింది.

చల్లని వైపును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో నంద్యాల ప్రాంతానికి చరిత్రే చూపింది. నంద్యాల నుంచి గాజులపల్లె, దిగువమెట్ట మీదుగా నల్లమల దాటి గిద్దలూరు వైపు పోయే మీటర్‌గేజ్ లైను సదరన్ మరాఠా రైల్వే కాలంలో పడింది. 1990లలో బ్రాడ్‌గేజ్ అయ్యేవరకూ ఆ అడవిలో దొరబావి వంతెన మీదుగా రైళ్లు నడిచాయి. ఆవిరి ఇంజన్ బాహ్య దహన ఇంజన్లలో అందరికీ తెలిసినది. మన దేశపు మీటర్‌గేజ్ మీద విస్తారంగా తిరిగిన వైపీ రకం ఇంజన్ బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 210 పౌండ్లు. ఆ పీడనంలో నీరు దాదాపు 200 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పని చేసిన ఆవిరిని మాత్రం పొగగొట్టంలోంచి గాలిలోకి వదిలేస్తారు. వాతావరణ పీడనం దగ్గర ఆవిరి 100 డిగ్రీల కంటే చల్లబడదు కాబట్టి ఆ ఇంజన్ చల్లని వైపు నల్లమల గాలి కాదు, 100 డిగ్రీల ఆవిరే. 200, 100 డిగ్రీల మధ్య కార్నో హద్దు 21 శాతం. ఆవిరిని మరింత వేడిచేసే ఏర్పాటు దాన్ని కొంత పెంచినా, ఆవిరి రైలింజన్లు బొగ్గులోని శక్తిలో 6 నుంచి 8 శాతాన్నే చక్రాలకు అందించాయి. విద్యుత్ కేంద్రంలో లాగా ఆవిరిని చల్లబరిచి నీరు చేసే కండెన్సర్‌ను రైలు మీద మోయడం కష్టం, నీళ్లు దొరకడం అంతకంటే కష్టం. మంటను ఎంత పెంచినా చల్లని వైపు 100 దగ్గర బిగుసుకుపోయాక లాభం కొద్దిపాటిదే.

ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చనిపోతున్న రోజుల్లో స్కాట్లండ్ మతబోధకుడు రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో గాలితో నడిచే ఇంజన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1818లో ఆ రకం ఇంజన్ ఒకటి ఏర్‌షైర్‌లోని రాతి గనిలో నీళ్లు తోడింది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ల గనుల్లో నీళ్లు తోడేవారికి ఆ పని కొత్త కాదు. స్టిర్లింగ్ అసలు ఆవిష్కరణ ఇంజన్ కంటే అందులోని రీజనరేటర్. వేడి వైపు నుంచి చల్లని వైపుకు పోయే గాలి సన్నని తీగల వల గుండా పోతూ తన వేడిని అక్కడ దాచిపెడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని తీసుకుంటుంది. ఈ భాగం పనితీరు మీద ఇంజన్ బతుకంతా ఆధారపడి ఉంటుంది. బయటి నుంచి వచ్చే వేడికి అయిదు రెట్లు వేడి ఆ వలలో తిరుగుతోందనుకుందాం. వల తనకు అందినదంతా తిరిగి ఇవ్వగలిగితే ఇంజన్ దక్షత 60 శాతం ఉందనుకుందాం. వల 95 శాతమే ఇవ్వగలిగితే లోటు బయటి వేడిలో నాలుగో వంతు అవుతుంది, దక్షత 48కి పడుతుంది. 80 శాతమే ఇస్తే లోటు బయటి వేడితో సమానం, దక్షత సరిగ్గా సగమై 30 మిగులుతుంది. వలలో వచ్చిన చిన్న లోపం ఇంజన్‌లో ఇంత పెద్ద లోపంగా మారడం కార్నో సూత్రంలో ఎక్కడా కనిపించదు. అందుకే నమూనాలు ఒక్కొక్క మెట్టూ దిగి నిజానికి దగ్గరయ్యాయి. 1871లో గుస్తావ్ ష్మిట్ పిస్టన్ల కదలికను లెక్కలోకి తెచ్చాడు, అయితే సిలిండర్‌లో ఉష్ణోగ్రత మారదని అనుకున్నాడు. నిజమైన ఇంజన్‌లో గాలి వేగంగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. 1984లో వచ్చిన యురియెలి, బెర్కోవిట్జ్‌ల పుస్తకం ఆ మార్పును కంప్యూటర్‌తో లెక్కించి, దాని మీద రీజనరేటర్ నష్టాన్నీ, గొట్టాల్లో గాలి ఒరిపిడి నష్టాన్నీ, గోడల అడ్డంకినీ జోడించే పద్ధతిని విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లో ఆ లెక్క క్షణాల్లో తేలుతుంది.

ఇక ఊక సంగతి. టన్ను వడ్లకు దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. కిలోకు 13 మెగాజౌళ్ల చొప్పున చూస్తే అందులో 720 యూనిట్ల ఉష్ణం ఉంది. 1980లలో అమెరికాకు చెందిన సన్‌పవర్ సంస్థ ఊకతో నడిచే ఎస్‌టీ-5 అనే స్టిర్లింగ్ ఇంజన్‌ను రూపొందించింది. బంగ్లాదేశ్‌లో దాన్ని రైస్ మిల్లుల కోసం పరీక్షించారు, మద్రాసులోనూ తయారు చేశారు. ఆలోచన బాగుంది, ఇంజన్ నడిచింది కూడా. అయినా మన మిల్లుల్లో అది ఎందుకు నిలబడలేదో ఊక బూడిదే చెబుతుంది. ఊక బరువులో అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది, అందులో 90 శాతం సిలికా. వేడి గోడ మీద అది పొరగా పేరుకుంటే గోడ దాటే వేడి తగ్గుతుంది. కాగితం మీద 650 డిగ్రీలున్న గోడకు, నెలరోజులు నడిచిన గోడకు పొంతన ఉండదు. చిన్న ఇంజన్‌లో ఇంధనం నుంచి చక్రం దాకా 10 శాతం దక్షత వచ్చిందనుకుంటే టన్ను వడ్ల ఊక 72 యూనిట్ల పని ఇస్తుంది. మిగతా 650 యూనిట్లు వేడిగా పోతాయి. ఈ 650ని వదిలేసి 72 గురించే మాట్లాడటం నమూనాను సగమే చదవడం. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుకు వడ్లు నానబెట్టడానికి వేడి నీళ్లు కావాలి, ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ఆరబెట్టడానికి వేడి గాలి కావాలి. బాయిలర్ ఆవిరిని ముందు చిన్న టర్బైన్‌లో తిప్పి, బయటికి వచ్చిన ఆవిరితో వడ్లు ఉడికిస్తే ‘వృథా’ అన్న పద్దు చాలావరకు మాయమవుతుంది. చల్లబరిచే సమస్యే పనిగా మారుతుంది. పచ్చి బియ్యం మాత్రమే ఆడించే మిల్లుకు ఈ లాభం లేదు. రెండింటికీ ఒకే సలహా ఇచ్చేవారి మాట నమ్మదగింది కాదు.

సిమెంట్ బట్టీ దగ్గర మంట ఖర్చు ముందే అయిపోయింది. సున్నపురాయి కాలి క్లింకర్ అయ్యాక పైకి పోయే వాయువులు ఇంకా 300 డిగ్రీల పైన ఉంటాయి. 320 డిగ్రీలు అనుకుని, చల్లని వైపు 45 డిగ్రీలు పెట్టి కార్నో లెక్క వేస్తే 46 శాతం వస్తుంది. ఇది బాగా తెలిసినవారూ చేసే పొరపాటు. కార్నో ఊహించిన వేడి మూలం ఎంత తీసుకున్నా చల్లబడనిది. బట్టీ వాయువు అలా కాదు, వేడి ఇచ్చిన కొద్దీ చల్లబడుతుంది. 320 దగ్గర తీసుకున్న మొదటి యూనిట్ వేడికి 46 శాతం విలువ ఉంటే, 100 డిగ్రీల దగ్గర తీసుకున్న యూనిట్‌కు 15 శాతం కూడా లేదు. ఈ దిగుడంతా కూడి చూస్తే 320 నుంచి 45 దాకా చల్లబడే వాయువు ఇవ్వగలిగిన గరిష్ఠ పని దానిలోని వేడిలో 28 శాతమే. ఏ లోపమూ లేని యంత్రానికే ఇది హద్దు. ఇదే మూలానికి వర్గమూల సూత్రం 27 ఇస్తుంది, రెండు అంకెలు దాదాపు ఒకటి కావడం గమనించదగ్గది. అయినా ఇక్కడ యంత్రం నిలబడుతుంది. ఇంధనం ఖర్చు లేదు, వాయువు రాత్రీ పగలూ ఒకే తీరున వస్తుంది, వచ్చిన కరెంటును వాడుకునే రుబ్బుడు మరలు ఆ ఆవరణలోనే ఉన్నాయి. కొలిమిగుండ్లలో రామ్‌కో కర్మాగారం ఇలా వృథా వేడి నుంచి కరెంటు తీసే విభాగాన్ని కట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

చల్లని వైపు ఎక్కడ ఎంత బరువు తూగుతుందో మూడు మూలాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం గాలితో చల్లబరిచే రేడియేటర్ 65 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. నీళ్లు ఆవిరి చేసి చల్లబరిచే టవర్‌తో అది 40కి దిగిందనుకుందాం. 650 డిగ్రీల ఊక గోడకు కార్నో హద్దు 63 నుంచి 66కు పెరుగుతుంది, పెద్ద మేలు కాదు. 320 డిగ్రీల వాయువుకు 43 నుంచి 47కు. బాయిలర్ పొగగొట్టం చివర మిగిలే 120 డిగ్రీల వేడికి మాత్రం 14 నుంచి 20కి, అంటే దాదాపు సగం మేర పెరుగుతుంది. వేడి ఎంత తక్కువ స్థాయిదైతే చల్లదనం అంత విలువైనది అవుతుంది. ఇందులో నంద్యాలకు ఒక అనుకూలత ఉంది. ఇక్కడి వేసవి గాలి పొడిగా ఉంటుంది. 43 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే తడి బట్ట చుట్టిన ఉష్ణమాపకం 25 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మట్టి కుండలో నీళ్లు చల్లగా ఉండేది ఇందువల్లనే. చల్లబరిచే టవర్ ఆ 25కి దగ్గరగా పోగలదు. కానీ అందుకు నీళ్లు ఆవిరి కావాలి. వానాకాలం పంటకు నీళ్లిచ్చే కేసీ కాలువను ఏప్రిల్, మే నెలల్లో నమ్ముకోలేం. వెలుగోడు, గోరకల్లు జలాశయాల నీటికి సేద్యం, తాగునీరు ముందు హక్కుదారులు. ఆళ్లగడ్డలో ఒక పొగగొట్టం చివరి వేడి నుంచి రెండు మూడు కిలోవాట్లు తీయడానికి పొలం నీళ్లు ఆవిరి చేయడం నాకు సమ్మతం కాదు. నీళ్లు వద్దని ఫ్యాన్లు పెడితే ఆ ఫ్యాన్లే వచ్చిన శక్తిలో మంచి భాగం తింటాయి. నమూనాలో ఈ రెండు ఖర్చుల్లో ఒకటైనా లేకపోతే ఆ నమూనాను పక్కన పెట్టడమే మంచిది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది: సోలార్ పలకలు ఇంత చౌకగా దొరుకుతుంటే ఈ ఇంజన్లు ఎందుకు? ఎండకు సంబంధించినంతవరకు ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది, అందులో కదిలే ఇంజన్ ఒక్కటీ లేదు. పొరుగున అనంతపురం జిల్లా నాగలాపురంలో హైదరాబాదుకు చెందిన మేఘా సంస్థ 2014లో 50 మెగావాట్ల సౌర ఉష్ణ కేంద్రం నిర్మించింది. దోనెల వంటి అద్దాలతో నూనెను దాదాపు 390 డిగ్రీలకు వేడిచేసి, ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే పద్ధతి అది. జాతీయ సౌర మిషన్ తొలి విడతలో ఇలాంటి ఉష్ణ ప్రాజెక్టులకు 470 మెగావాట్లు కేటాయిస్తే సగానికి మించి పూర్తి కాలేదు. అమెరికాలో ఒక సంస్థ అద్దాల పళ్లెం, స్టిర్లింగ్ ఇంజన్ కలిపి 2008లో ఎండ నుంచి గ్రిడ్‌కు 31.25 శాతం దక్షత సాధించింది. ఆ సంస్థ 2011లో దివాలా తీసింది. దక్షతలో గెలిచి ఖర్చులో ఓడింది. ఎండ వేడిని ఉప్పు ద్రవంలో దాచి రాత్రి వాడుకోవచ్చన్న వాదన మిగిలింది కానీ, పాణ్యం మండలం పిన్నాపురంలోని 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ వంటి పథకాలు ఆ పని నీళ్లతో చేస్తాయి. కాబట్టి నంద్యాలలో ఎండ కోసం ఉష్ణయంత్రం అక్కరలేదు. అయితే సోలార్ పలక ఊకను తినదు, బట్టీ వాయువును పట్టదు. అభ్యంతరం ఎండ దగ్గర ఆగిపోతుంది, ఊక, బట్టీల దాకా రాదు.

కాగితపు లెక్కలు ఎందుకు, ఒక ఇంజన్ కట్టి చూస్తే పోలేదా అనే మాట కూడా వింటుంటాం. కట్టి చూడాల్సిందే. కానీ కట్టిన ఇంజన్ అనుకున్నంత ఇవ్వనప్పుడు లోపం రీజనరేటర్‌లో ఉందా, బూడిద పొరలో ఉందా, రేడియేటర్‌లో ఉందా అని చెప్పగలిగేది నమూనా ఒక్కటే. అది లేకపోతే ప్రతి వైఫల్యమూ ‘ఈ ఇంజన్లు పనికిరావు’ అన్న ఒకే తీర్పుగా మిగులుతుంది. నమూనా తప్పు కావచ్చు, దాన్ని కొలతలతో సరిదిద్దవచ్చు. కొలతలు లేని ఉత్సాహాన్ని సరిదిద్దే దారి లేదు.

నంద్యాల ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే విద్యార్థులకు ఒక విన్నపం. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం విదేశీ పుస్తకంలోని ఉదాహరణకు కొత్త అంకెలు పెట్టి సరిపుచ్చవద్దు. దగ్గర్లోని మిల్లు యజమానిని అడిగి, బాయిలర్ పొగగొట్టంలో వాయువు ఉష్ణోగ్రతను, ఊక ఎంత పడుతోందో, ఆవిరి ఎక్కడ ఎంత వాడుతున్నారో కొలవండి. గాలి ఉష్ణోగ్రతను, తడి ఉష్ణోగ్రతను మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీసుకోండి. గోడ శుభ్రంగా ఉన్న రోజు, నెల తరువాత బూడిద పట్టిన రోజు తేడా రాసిపెట్టండి. ఈ అంకెలతో వేసిన లెక్క చిన్నదైనా, మిల్లు యజమాని దాన్ని చూసి టర్బైన్ కొనాలో వద్దో తేల్చుకోగలడు.